పెరట్లో పేరు తెలియని మొక్క



ఈవేళ నేను వరి గురించి గాని, పత్తి గురించి గాని చెప్పబోవడం లేదు. ఎరువుల మోతాదులు, మందుల లెక్కలు ఈ పూటకు పక్కన పెడదాం. మీ ఇంటి వెనక పెరట్లోకి ఒక్కసారి నాతో రండి. అక్కడ మొలిచిన మొక్కలలో ఎన్నింటికి మీరు పేరు చెప్పగలరు? పదింటికా? ఇరవయ్యింటికా? మిగిలినవాటిని ఏమంటారు? "ఏదో పిచ్చిమొక్క" అంటారు, అంతే గదా! నేనూ అలాగే అన్నాను. అలా అన్నందుకు నాకొక పాఠం తగిలింది. ఆ పాఠమే ఇప్పుడు మీకు చెబుతాను, వినండి.

నేను వ్యవసాయంలో డిప్లొమా చదివి విస్తరణ అధికారిగా పనిచేస్తున్నవాణ్ణి. రెండేళ్ల క్రిందట శంషాబాదు పక్కన ఒక కొత్త కాలనీలో చిన్న ఇంట్లోకి మారాము. ఇల్లు చిన్నదే గాని వెనక పెరడు మాత్రం బాగా ఉన్నది. శంషాబాదు సంగతి మీకు తెలిసినదే. 2008 మార్చిలో అక్కడ రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం మొదలయినది. సుమారు 5,500 ఎకరాల భూమి దానికింద పోయింది. చుట్టుపక్కల ఎర్ర చల్క చేలు ఒక్కొక్కటే ప్లాట్లయినాయి. జొన్న, కంది, ఆముదం పండిన చోట ఇప్పుడు వీధులు, వీధిదీపాలు. నెత్తిమీద విమానాలు.

అయితే ఒక మాట గమనించండి. చేను ప్లాటయినంత మాత్రాన నేల తన పాత సంగతి మరచిపోదు. గట్లు చదును చేస్తారు, కంచె పీకేస్తారు, రాళ్లు పాతుతారు. కాని మట్టిలో పడిన గింజ అక్కడే ఉంటుంది. కొన్ని కలుపు మొక్కల గింజలు ఏళ్ల తరబడి నేలలో నిద్రపోయి, తడి తగలగానే లేస్తాయి. పైగా పునాది ఎత్తు చేయడానికి టిప్పర్లలో ఎక్కడెక్కడి మట్టో తెచ్చి పోస్తారు. ఆ మట్టితో ఆ ఊరి గింజ కూడా వస్తుంది. ఇక నర్సరీ నుంచి తెచ్చిన కుండీలో మనం కొన్న మొక్క ఒకటయితే, కొనని మొక్కలు నాలుగు మొలుస్తాయి. ఈ విధంగా ఒక కొత్త ఇంటి పెరట్లో పాత చేను మొక్కలు, పరాయి ఊరి మొక్కలు, పరదేశపు మొక్కలు మూడూ కలిసి కాపురం చేస్తాయి.

మేము ఇల్లు మారినది మృగశిర కార్తెలో. రెండు వానలు పడేసరికి పెరడంతా పచ్చబడ్డది. నేనొక ఆదివారం కొడవలి, గునపం పట్టుకొని బయలుదేరాను. వ్యవసాయం చదివినవాణ్ణి గదా, కలుపు తీయడం నాకొకరు నేర్పాలా? ఒక మూల నుంచి వరుసగా పీకుతూ వస్తున్నాను. పక్క ఇల్లు కడుతున్నచోట కాపలా ఉండే ముసలమ్మ గోడ అవతల నుంచి చూస్తున్నది. కొంతసేపు ఊరకుండి, ఇక ఉండలేక పిలిచింది.

"ఏంది సారూ, గునుగు పీకుతున్నవ్?"

"కలుపు గదా అవ్వా!" అన్నాను.

"కలుపే. చేన్ల అయితే కలుపే. ఇంటికాడ ఎందుకు కలుపైతది? బతుకమ్మ నాటికి పూలకు ఏడికి పోతవ్ బిడ్డా?"

నా చేతిలో ఉన్న మొక్కవంక చూసుకున్నాను. జొన్న చేలో అది కలుపు అని నేను రైతులకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తెల్లగా, గులాబి రంగు అంచుతో కంకిలాగా పూసే గునుగు పువ్వును బతుకమ్మలో చూడలేదా అంటే, ఏటేటా చూస్తూనే ఉన్నాను. కాని పూత రాని లేత మొక్కను పెరట్లో చూసి, ఆ పువ్వు ఈ మొక్కదే అని ఆనవాలు పట్టలేకపోయాను. ఆ ముసలమ్మ ఒకప్పుడు ఆ నేలలోనే కూలికి కలుపు తీసిన మనిషి అని తర్వాత తెలిసింది. ఆ చేను ఎవరిదో, ఏ మూల ఏది మొలిచేదో ఆమెకు కంఠతా వచ్చు.

ఆనాటి నుంచి నేను ఆమె దగ్గర బడిపిల్లవాణ్ణయినాను. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే గోడ దగ్గర నిలబడి, "అవ్వా, ఇదేమిటి?" అని అడిగేవాణ్ణి. గోడవార తుమ్మి, గచ్చు పక్కన గలిజేరు, నీళ్ల తొట్టి దగ్గర పొన్నగంటి, కంచె మూలన తంగేడు. తంగేడు తెలంగాణ రాష్ట్ర పుష్పం. వినాయక చవితికి తుమ్మికూర వండుకోవడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. అంటే నేను పిచ్చిమొక్కలని పారేయబోయినవాటిలో కూర ఉన్నది, పండుగ ఉన్నది.

ఇంతవరకు కథ బాగానే ఉన్నది. ఇందులో చేదు భాగం ఒకటున్నది. దానికి తర్వాత వస్తాను. ముందు అసలు మొక్కను ఆనవాలు పట్టడం ఎట్లాగో చూద్దాం.

పేరు తెలియని మొక్క ఎదురయినప్పుడు మనం సాధారణంగా పువ్వునే చూస్తాం. పువ్వు లేకపోతే "ఏమో" అని వదిలేస్తాం. అది సరికాదు. పువ్వు ఏడాదిలో కొన్ని రోజులే ఉంటుంది. ఆకు, కాండం, కాయ, వాసన ఇవి కూడా సాక్ష్యం చెబుతాయి. వరుసగా అయిదు సంగతులు చూడండి.

మొదటిది, నిలకడ. మొక్క నేలమీద పాకుతుందా, నిటారుగా లేస్తుందా, తీగగా అల్లుకుంటుందా, పొదగా పెరుగుతుందా? ఏడాదికి చస్తుందా, నిలిచి ఉంటుందా?

రెండవది, ఆకుల అమరిక. కణుపుకు ఒక్క ఆకే ఉన్నదా, రెండు ఎదురెదురుగా ఉన్నాయా? ఆకు ఒంటిదా, లేక కందిలాగా మూడు రెమ్మలదా, చింతలాగా చాలా రెమ్మలదా? అంచు నున్నగా ఉన్నదా, రంపంలాగా ఉన్నదా?

మూడవది, కాండం. వేళ్ల మధ్య పెట్టి దొర్లించండి. గుండ్రంగా ఉంటే సాఫీగా దొర్లుతుంది, పలకలుంటే తెలిసిపోతుంది. తులసి, తుమ్మి, పుదీనా వీటి కాండం నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. అయితే ఒక్క గుర్తుతోనే తీర్పు చెప్పకూడదు. లాంటానా ఉన్నదే, కొందరు పులికంప అంటారు, దాని కాండమూ పలకలదే, ఆకులూ ఎదురెదురే. కాని దానికి కాండం మీద గరుకు ముళ్లుంటాయి. దాని ఆకు మేసిన పశువుకు కామెర్లు వస్తాయి. ఎండ తగిలితే చర్మం పుండ్లు పడుతుంది. కనుక గుర్తులు ఎప్పుడూ రెండు మూడు కలిపి చూడాలి.

నాల్గవది, పాలు, వాసన. ఒక ఆకు తుంచితే పాలు వస్తున్నాయా? నేల ఉసిరికీ, రెడ్డివారి నానబాలుకూ చాలామంది పొరబడతారు. రెండూ వానాకాలంలో ఇంటిముంగిట మొలిచే చిన్న మొక్కలే. తుంచి చూడండి. నేల ఉసిరికి పాలు రావు. దాని రెమ్మ కింది వైపున ఆవగింజంత కాయలు వరుసగా వేలాడతాయి. నానబాలుకు తెల్లని పాలు కారతాయి. దాని పూలు కణుపుల దగ్గర గుత్తులుగా అతుక్కొని ఉంటాయి. తుంచిన చేయి కంటికి తగలనీయకండి. పాలుగారే మొక్కలలో చాలా వాటి పాలు కంటికి ప్రమాదం. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

అయిదవది, పువ్వు, కాయ, గింజ. పూరేకులు ఎన్ని? విడివిడిగా ఉన్నాయా, గొట్టంలాగా అతికి ఉన్నాయా? కాయ పొడుగా, గుండ్రమా? నున్నగానా, ముళ్లతోనా? పగలగొడితే గింజలెన్ని?

ఈ అయిదింటిలో నాలుక లేదు, గమనించారా? రుచి చూసి మొక్కను ఆనవాలు పట్టవద్దు. "కొంచెం కొరికి చూస్తే ఏమవుతుంది?" అని కొందరంటారు. ఏమవుతుందో ఇప్పుడు చెబుతాను.

మా పెరటి వెనక హద్దు వెంట మనిషెత్తు పొదలు ఆరేడు ఉండేవి. వెడల్పాటి పచ్చని ఆకులు, లేత కొమ్మలు. ఇల్లు మారిన మొదటి రోజే చూశాను. "ఏదో ఆముదం జాతి" అనుకున్నాను. అంతటితో ఆ ప్రశ్న తీరిపోయిందనుకున్నాను. ఎర్ర నేలల్లో ఆముదం మనకు కొత్త పంట కాదు గదా. అవ్వను ఎన్నో మొక్కల గురించి అడిగాను గాని, దాని గురించి అడగలేదు. తెలిసినదే అనుకున్నదాన్ని ఎవరు అడుగుతారు?

దసరా సెలవులు వచ్చాయి. మా అమ్మాయికి అయిదేళ్లు. వీధిలోని మరి ఇద్దరు పిల్లలతో పెరట్లో ఆడుకుంటున్నది. ఆ పొదల కింద రాలిన కాయలు పగలగొట్టుకొని లోపలి పప్పు తిన్నారు. పల్లీలాగా కమ్మగా ఉన్నదట. గంట, గంటన్నర గడిచేసరికి ఒకరి తర్వాత ఒకరికి వాంతులు పట్టుకున్నాయి. కడుపులో మంట, విరేచనాలు. భోజనంలో ఏదో తేడా చేసిందని మేము మజ్జిగ తాగిస్తున్నాం. అంతలో అవ్వ వచ్చి, పెరట్లో పడి ఉన్న పెంకులు చూసింది.

"అయ్యో బిడ్డా, అడవాముదం తిన్నరు! జల్ది దవాఖానకు కొంటవో. మ్యాకలు సుత ముట్టవని దడికి పెట్టిన చెట్లయి."

ముగ్గురినీ ఆస్పత్రికి తీసుకుపోయాము. పోతూ పోతూ ఒక కొమ్మ, నాలుగు కాయలు సంచిలో వేసుకున్నాను. ఆ ఒక్కపని మాత్రం సరిగా చేశాను. డాక్టరుగారు కాయ చూసి, ఏమి తిన్నారో తేల్చుకొని, వెంటనే సెలైను పెట్టించారు. రాత్రంతా కనిపెట్టి ఉండి, మర్నాడు సాయంత్రానికి పిల్లలను ఇంటికి పంపించారు. దేవుని దయవల్ల ముగ్గురూ క్షేమం. కాని ఆ రాత్రి ఆస్పత్రి బల్లమీద కూర్చొని నేను అనుకున్నది ఒక్కటే. ఆ మొక్క పేరు తెలియక ఇది జరగలేదు. సగం పేరు తెలిసి జరిగింది.

శ్రోతలారా, ఈ మాటను కాస్త గట్టిగా పట్టుకోండి. పేరు బొత్తిగా తెలియనివాడు భయపడతాడు, అడుగుతాడు. "ఏదో ఫలానా జాతి" అనుకున్నవాడు అడగడు. ఆముదానికీ, అడవి ఆముదానికీ తేడా నాకు తెలియనిది కాదు. చూడలేదు, అంతే. ఆముదం ఆకు అరచేయిలాగా లోతుగా చీలి, అంచు రంపంలాగా ఉంటుంది. కాయమీద మెత్తని ముళ్లుంటాయి. అడవి ఆముదం, దాన్నే జట్రోఫా అంటారు, దాని ఆకు అంత లోతుగా చీలదు, అంచు నున్నగా ఉంటుంది. కాయ నున్నగా గుండ్రంగా ఉండి, పండితే పసుపుపచ్చబడి, ఎండితే నల్లబడుతుంది. ఒక్క నిమిషం నిలబడి చూస్తే తెలిసిపోయే తేడా ఇది. అన్నట్లు, ఆముదం గింజ కూడా నమిలితే విషమే. కాకపోతే ఆముదం సంగతి మన పిల్లలకు పెద్దలు చెబుతారు. అడవి ఆముదం సంగతి చెప్పేవారు తగ్గిపోయారు. 2000 తర్వాత కొన్నేళ్లు డీజిలుకు బదులు నూనె తీయవచ్చునని మన రాష్ట్రంలో ఈ మొక్కను బాగా ప్రచారం చేశారు. పశువులు మేయవు కనుక దీన్ని దడికి ముందునుంచీ పెడుతూనే ఉన్నారు. కనుక మీ ఊళ్లోనూ, మీ బడి వెనకా ఇది ఉండవచ్చును. చూడండి.

ఇటువంటివి మరికొన్ని ఉన్నాయి. పచ్చగన్నేరు పూలకోసం పెంచుతాం. దాని పప్పు గుండెకు ప్రాణాంతకం. గన్నేరు పప్పు అంటే మన పల్లెల్లో ముసలివాళ్లందరికీ తెలుసు. ఉమ్మెత్త కాయ, గింజ మతి తప్పిస్తాయి. గురివింద గింజ ఎర్రగా, నల్లమచ్చతో ముద్దుగా ఉంటుంది. పెంకు చెక్కు చెదరకుండా మింగితే గట్టెక్కవచ్చును గాని, నమిలితే మహా ప్రమాదం. ఇక కొత్త ఇళ్ల వరండాలలో కుండీల్లో పెట్టే డైఫెన్‌బాకియా, తెల్లమచ్చల పెద్ద ఆకులది, దాని ఆకు కొరికితే నాలుక, గొంతు మండి వాస్తాయి. వీటన్నింటినీ నరికివేయమని నేను చెప్పడం లేదు. పేరు తెలిసి పెంచండి, పిల్లలకు పేరు చెప్పి పెంచండి అంటున్నాను. చిన్నపిల్లలు తిరిగే చోట అడవి ఆముదం, పచ్చగన్నేరు మాత్రం వద్దు. మా హద్దు వెంట పొదలు తీసేసి, ఇప్పుడు గోరింట పెట్టాము.

ఎవరయినా పొరపాటున ఇటువంటిది తింటే ఏం చేయాలి? నోట్లో మిగిలినది తీసివేసి, నోరు పుక్కిలింపజేయండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. చింతపండు, నిమ్మరసం, నాటువైద్యం అంటూ ఆలస్యం చేయవద్దు. 108కి ఫోను చేయండి, లేదా ఉన్న బండిమీద ఆస్పత్రికి చేర్చండి. తిన్న మొక్క కొమ్మ, కాయ, గింజ ఏది దొరికితే అది వెంట తీసుకుపోండి. ఎన్ని తిన్నారు, ఎంతసేపయింది అన్నది డాక్టరుకు చెప్పండి.

ఇప్పుడు మరొక మొక్క సంగతి. దీన్ని మీరందరూ ఎరుగుదురు, కాని లేత వయసులో ఆనవాలు పట్టరు. అదే వయ్యారిభామ. పేరు వయ్యారిభామ, పని రాకాసి పని. అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలు దీని పుట్టిల్లు. మన దేశంలో 1955 ప్రాంతంలో పూణే దగ్గర దీన్ని గుర్తించారు. అటు తర్వాత దేశమంతా పాకింది. ఒక్కొక్క మొక్క పదిహేను, ఇరవై వేల గింజలు రాలుస్తుంది. కొత్త ప్లాట్లలో, రోడ్డు పక్కన, మట్టి కదిపిన ప్రతిచోటా ముందు మొలిచేది ఇదే. దీని పుప్పొడి వల్ల కొందరికి ఉబ్బసం వస్తుంది. ముట్టుకుంటే కొందరికి చర్మం దద్దురులు, పుండ్లు పడుతుంది.

లేతగా ఉన్నప్పుడు దీని ఆకులు నేలకు అంటుకొని, చీలికలు చీలికలుగా, కేరట్ ఆకులాగా, దవనంలాగా ఉంటాయి. మా వీధిలో ఒక అమ్మగారు చామంతి మొలిచిందని నీళ్లు పోసి పెంచింది! నలిపి చూస్తే దవనానికుండే సువాసన దీనికి ఉండదు. ఇది గుర్తు. దీన్ని పూత రాకముందే, వాన పడి నేల మెత్తగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకాలి. చేతికి తొడుగు గాని, ప్లాస్టిక్ కవరు గాని వేసుకోండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి. పూత వచ్చాక పీకి దులిపితే మనమే గింజ చల్లినట్టు. పూతకు ముందు పీకిన మొక్కలు కంపోస్టు గుంటలో వేసుకోవచ్చును. మెక్సికో నుంచి తెచ్చిన ఒక పెంకుపురుగును 1984లో బెంగుళూరు ప్రాంతంలో దీనిమీద విడుదల చేశారు. మీ ఊళ్లో వానాకాలంలో వయ్యారిభామ ఆకులు తింటూ, తెల్లటి ఒంటిమీద నల్లని గీతలున్న చిన్న పెంకుపురుగు కనబడితే దాన్ని చంపకండి. అది మన పక్షం.

చూశారా, పేరు తెలిస్తే ఎప్పుడు పీకాలో తెలుస్తుంది. దేన్ని ఉంచాలో కూడా పేరే చెబుతుంది. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చేలలో తమంతట మొలిచే ఆకుకూరలను గుర్తుపెట్టుకొని, వండుకొని, ఇతరులకూ చెబుతున్నారు. మనం విత్తని, ఎరువు వేయని కూర అది. అయితే ఒక హెచ్చరిక. కలుపుమందు, పురుగుమందు కొట్టిన చోట గాని, మురుగు కాలువ పక్కన గాని, బండ్లు తిరిగే రోడ్డు వార గాని మొలిచిన ఆకుకూర కోయవద్దు. తెలిసిన మనిషి చూపించిన మొక్కనే కోయాలి.

ఇక్కడొక చిక్కున్నది. ఊరూరికీ పేరు మారుతుంది. మనం గునుగు అన్నది మరొకచోట గురుగు. గలిజేరు అని ఒకే పేరుతో పిలిచేవి రెండు మూడు మొక్కలున్నాయి. ఒకదానిలో పూలు ఆకు మొదట్లోనే ఇరుక్కొని పూస్తాయి. మరొకదానికి సన్నని పొడుగాటి కాడల చివర చిన్న చిన్న గులాబి పూలుంటాయి, దాని గింజ బట్టకు అంటుకుంటుంది. మందుకు ఒకటి కావలసి వస్తే మరొకటి తెచ్చుకుంటారు. ఈ చిక్కు తీర్చడానికే స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ 1753లో ప్రతి మొక్కకు రెండు మాటల పేరు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. ఆ పేరు లోకమంతటా ఒకటే.

అయితే ఆ శాస్త్రపు పేర్లు పెట్టినవాళ్లు కూడా మన అవ్వ వంటివారిని అడిగే నేర్చుకున్నారు. రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు 18వ శతాబ్దం చివర మన గోదావరి సీమలోని సామర్లకోటలో ఉండి, అక్కడి మొక్కలను మన చిత్రకారులచేత బొమ్మలు వేయించి, స్థానికులు చెప్పిన తెలుగు పేర్లు పక్కన రాసుకున్నాడు. కోరమండల్ తీరపు మొక్కల మీద అతని గ్రంథం మొదటి సంపుటం 1795లో వెలువడింది. మన అడవుల్లో సోమిద చెట్టు ఉన్నది గదా, దాని శాస్త్రీయ నామం సోయ్‌మిడా. మన సోమిద అనే మాటే లాటిను వేషం వేసుకున్నది. కనుక పల్లెటూరి పేరును తక్కువ చేయకండి. రెండు పేర్లూ రాసుకోండి.

ఇప్పుడు కొందరు అడుగుతారు, "ఫోనులో ఫోటో తీస్తే పేరు అదే చెబుతున్నది గదా, ఈ తిప్పలన్నీ ఎందుకు?" అని. ఫోను మంచి సాధనమే. వాడండి. కాని అది చెప్పేది ఊహ, తీర్పు కాదు. లేత మొక్కను, పువ్వు లేని మొక్కను చూపితే పొరబడుతుంది. మొక్క మొత్తం ఒక ఫోటో, ఆకు పైవైపు, కిందివైపు ఒక్కొక్కటి, పువ్వో కాయో ఉంటే దగ్గరనుంచి ఒకటి, ఇట్లా తీయండి. పేరు వచ్చాక, ఇందాక చెప్పిన అయిదు గుర్తులతో సరిచూడండి. ఫోను చెప్పిందని మాత్రం ఏ ఆకూ నోట్లో వేసుకోవద్దు, పశువుకు వేయవద్దు.

ఇంకా తేలకపోతే నమూనా తయారుచేయండి. పువ్వు గాని కాయ గాని ఉన్న ఒక కొమ్మను, చిన్న మొక్క అయితే వేరుతో సహా, పాత వార్తాపత్రికల మధ్య పరచండి. ఒక ఆకు తిరగేసి, కిందివైపు కనబడేటట్టు పెట్టండి. పైన బరువు ఉంచండి. మొదటి వారం రోజులూ ప్రతిరోజూ కాగితాలు మార్చండి, లేకపోతే బూజు పడుతుంది. ఎండిన తర్వాత ఒక చీటీ అంటించండి. దొరికిన తేదీ, ఊరు, నేల రకం, మొక్క ఎత్తు, పువ్వు రంగు, పాలున్నాయా లేవా, ఊళ్లో ఏమంటారు, ఎవరు చెప్పారు, ఇవి రాయండి. ఎండితే రంగు పోతుంది, వాసన పోతుంది. కనుక ఈ వివరాలు పచ్చిగా ఉన్నప్పుడే రాసుకోవాలి. ఆ నమూనాను మీ రైతు వేదికలో విస్తరణ అధికారికి చూపండి. శంషాబాదువారికి రాజేంద్రనగరులోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కూతవేటు దూరంలోనే ఉన్నది. రంగారెడ్డి జిల్లావారికి హయత్‌నగరులో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. అడగడానికి డబ్బు ఖర్చు లేదు.

విమానాశ్రయం పక్కన ఉన్నాం కనుక మరొక మాట. మన పిల్లలు, బంధువులు విదేశాలనుంచి వస్తూ ఉంటారు. "అక్కడ పువ్వు బాగుందని గింజ తెచ్చాను" అని పొట్లం చేతిలో పెడతారు. అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విదేశపు మొక్కలు, గింజలు తేవడాన్ని 2003 నాటి మొక్కల క్వారంటైను ఉత్తరువు నిషేధిస్తుంది. మిరప, టమాటా, జామ, సీతాఫలం ఇవన్నీ కూడా ఒకప్పుడు అమెరికా ఖండం నుంచి వచ్చినవే, మనకు మేలే చేశాయి. కాని వయ్యారిభామ, లాంటానా కూడా అక్కడివే. ఏ గింజ టమాటా అవుతుందో, ఏ గింజ వయ్యారిభామ అవుతుందో పొట్లం చూసి చెప్పలేం. 2020లో అమెరికా మొదలగు దేశాల్లో చాలామందికి వారు అడగని విత్తనాల పొట్లాలు తపాలాలో వచ్చాయి. ఆ ఆగస్టులో మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా అటువంటివాటి విషయంలో జాగ్రత్తగా ఉండమని హెచ్చరించింది. ఎక్కడిదో తెలియని గింజను విత్తకండి, చెత్తలోనూ పారవేయకండి. వ్యవసాయ శాఖవారికి అప్పగించండి.

నా తోటి విస్తరణ అధికారులకు ఒక మనవి. మనం గ్రామానికి పోతే పంటను చూస్తాం, పురుగును చూస్తాం. గట్టుమీద మొక్కను చూడం. ఈసారి పోయినప్పుడు ఊళ్లో పెద్దమనిషిని, ముఖ్యంగా కలుపుకు పోయే ఆడకూలీలను నలుగురిని వెంటబెట్టుకొని గట్ల వెంట ఒక గంట నడవండి. వాళ్లు చెప్పిన పేర్లన్నీ ఒక నోటుపుస్తకంలో రాయండి. బడిపిల్లలను కూడా తీసుకుపోండి. బడి ఆవరణలో, అంగన్‌వాడీ పక్కన విషపు మొక్కలేవైనా ఉన్నాయేమో చూసి పంతులుగారికి చెప్పండి. ఆ అవ్వలకు తెలిసినది ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. చేలు ప్లాట్లయిన ఊళ్లలో వాళ్లు కూలి వెతుక్కుంటూ ఎటో పోతున్నారు. వాళ్లతో ఆ పేర్లు కూడా పోతున్నాయి.

మా పక్క ఇల్లు కట్టడం పూర్తయింది. అవ్వ మరొకచోట కాపలాకు పోయింది. పోయేముందు మా అమ్మాయి చేయి పట్టుకొని పెరడంతా తిప్పి, మొక్క మొక్కకూ పేరు చెప్పించుకున్నది. తప్పు చెబితే, "మళ్లోపారి సూడు" అన్నది. ఇప్పుడు మా పెరట్లో ఒక మూల గునుగు, తంగేడు పీకకుండా వదిలిపెట్టాము. మొన్న బతుకమ్మకు పూలు అక్కడివే. కొత్త మొక్క ఏది మొలిచినా మా అమ్మాయే ముందు చూసి వస్తుంది. ముట్టుకోదు. "నాన్నా, దీని పేరేంటి?" అని అడుగుతుంది. నాకు తెలిస్తే చెబుతాను. తెలియకపోతే తెలియదని చెప్పి, ఇద్దరం కలిసి అడగడానికి పోతాము. "ఏదో ఫలానా జాతి" అని మాత్రం మా ఇంట్లో ఇప్పుడెవరూ అనరు.

కనుక సోదరులారా, వాన పడి పెరడు పచ్చబడినప్పుడు ఈ మూడు మాటలు గుర్తుంచుకోండి. పేరు తేలేదాకా పీకవద్దు. పేరు తేలేదాకా తినవద్దు, పశువుకు వేయవద్దు. సగం పేరుతో సరిపెట్టుకోవద్దు.